పాత పెట్రోలు జీపు వంకలో ఎందుకు ఆగిపోతుంది? ఇగ్నిషన్ తడవకుండా చూసుకోవడంలో అసలు కిటుకు

అనంతపురం దేశంలోకెల్లా తక్కువ వాన పడే జిల్లాల్లో ఒకటి. ఏడాది సగటు 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కలే. కడప, కర్నూలు దానికంటే కాస్త మెరుగు, అంతే. ఇలాంటి సీమలో జీపును నీళ్లలో దింపడం గురించి ఇంత చెప్పుకోవాలా అనిపించవచ్చు. చెప్పుకోవాలి. ఏడాదిలో ఎక్కువ రోజులు ఎండి ఉంటాయి కాబట్టే మన వంకలకు వంతెనలు తక్కువ. పొలాలకు, తండాలకు, అడవి అంచు ఊళ్లకు పోయే దారులు చాలాచోట్ల నేరుగా ఇసుకలోకి దిగి అవతలి గట్టు ఎక్కుతాయి. సగిలేరు, పాపాఘ్ని, చిత్రావతి, వేదవతి, వాటిలో కలిసే వంకలు, ఎటు పోయినా ఇదే వరస. నెలల తరబడి దుమ్ము లేచిన ఆ దారే, పైన ఏదో చెరువు మరువ (అలుగు) పారిందంటే మోకాళ్ల పైకి నీళ్లతో ఉంటుంది.

ఆ నీళ్లలో డీజిల్ జీపూ ట్రాక్టరూ గుడగుడమంటూ దాటిపోతాయి. వెనకాలే వచ్చిన పాత పెట్రోలు జీపు, లేదా కార్బురేటర్ కాలం నాటి జిప్సీ, నడిమధ్యలో మిస్సింగ్ కొట్టి ఆగిపోతుంది. డీజిల్ ఇంజనులో గాలిని అణిచినప్పుడు పుట్టే వేడికే ఇంధనం అంటుకుంటుంది, దానికి నిప్పురవ్వతో పని లేదు. పెట్రోలు ఇంజనుకు ప్రతి పేలుడుకీ ఒక రవ్వ కావాలి. నీళ్లు ముందుగా చంపేది ఆ రవ్వనే. పెట్రోలు ఖర్చుకు తట్టుకోలేక మన దగ్గర చాలా పాత జీపులకు ఎప్పుడో డీజిల్ ఇంజన్లు ఎక్కించేశారు. ఇప్పుడు కొంతమంది ఆ బండ్లను అసలు ఇంజనుతోనే నిలబెట్టుకోవాలని తపన పడుతున్నారు. మహీంద్రా వాళ్ల విల్లీస్ రకం పెట్రోలు జీపు, 1985లో వచ్చిన మారుతి జిప్సీ, సైన్యం వాడి వదిలేసిన జోంగా లాంటివి చేతిలో ఉన్నవాళ్ల కోసమే ఇది రాస్తున్నాను.

ముందే ఒక మాట. ఇదంతా నిలకడ నీళ్ల గురించి, అడుగు తెలిసిన దాటు గురించి. పారే వరదలో దిగడానికి ఇగ్నిషన్, అంటే ఆ రవ్వ పుట్టించే ఏర్పాటు, ఎంత బాగా బిగించినా అర్హత రాదు. వేగంగా పారే నీళ్లు ఒక అడుగు లోతుంటే చిన్న కారును కదిలించగలవు, రెండడుగులుంటే చాలా జీపులను, వ్యాన్లను కూడా ఈడ్చుకుపోగలవు. బండి తేలితే చక్రాలకు నేల అందదు, ఇంజను ఎంత చక్కగా తిరుగుతున్నా లాభం లేదు. 2021 నవంబరు వానల్లో చిత్రావతిలో కారుతో చిక్కుకున్నవాళ్లను తీయడానికి దిగిన జేసీబీ కూడా నడుమ ఇరుక్కుపోతే, చివరికి వాయుసేన హెలికాప్టరు వచ్చి అందరినీ పైకి లాగింది. జేసీబీ బరువుతో పోలిస్తే మన జీపు ఎంత? కాజ్‌వే మీద నీళ్లు గుంజుతుంటే ఆగాలి, తగ్గేదాకా ఇవతలే ఉండాలి.

కరెంటు ఎటు పోతోంది

బ్యాటరీలో ఉండేది 12 వోల్టులే. సిలిండర్లో రవ్వ వేసే ప్లగ్గు మొన దగ్గర సందు మిల్లీమీటరులో ముప్పాతిక వంతు ఉంటుంది. చూడటానికి చిన్నదే కానీ, సిలిండర్లో ఒత్తిడికి లోనైన గాలీ పెట్రోలూ నిండి ఉన్నప్పుడు ఆ సందును దూకాలంటే పది పదిహేను వేల వోల్టులు కావాలి. ఆ పని చేసేది ఇగ్నిషన్ కాయిల్. డిస్ట్రిబ్యూటర్ అంటే రవ్వ కరెంటును సిలిండర్లకు వంతులవారీగా పంచే డబ్బా. దాని లోపల పాయింట్లు, అంటే స్విచ్చులా కలిసి విడిపోయే రెండు ముక్కలు, కలిసి ఉన్నంతసేపూ కాయిల్లో లావు తీగ చుట్లలో కరెంటు పారుతూ అయస్కాంత బలం పోగవుతుంది. క్యామ్ తిరిగి పాయింట్లు విడిపోగానే ఆ బలం ఒక్కసారిగా కూలిపోతుంది. ఆ కుదుపుకి లావు చుట్లలోనే రెండు మూడు వందల వోల్టులు లేస్తాయి. సన్న తీగ చుట్లు వాటికి దాదాపు వంద రెట్లు ఉంటాయి కాబట్టి అటువైపు ఇరవై వేలు, ఆపైన కూడా పుడతాయి. అక్కడినుంచి నడిమి వైరు గుండా డిస్ట్రిబ్యూటర్ మూత అయిన క్యాపులోకి, క్యాపు నడుమ ఉండే బొగ్గు ముక్క మీదుగా లోపల తిరిగే రోటర్‌కి, రోటర్ కొస నుంచి క్యాపు లోపల ఆయా సిలిండర్‌కు కేటాయించిన లోహపు పలకకి, వైరు గుండా ప్లగ్గుకి. నాలుగు సిలిండర్ల ఇంజను నిమిషానికి 3000 చుట్లు తిరుగుతుంటే ఇదంతా సెకనుకు 100 సార్లు జరగాలి.

ఇంత వోల్టేజికి దారి చూపించాల్సిన పని లేదు, అదే వెతుక్కుంటుంది. ప్లగ్గు సందును దూకడం కంటే తేలికైన దారి ఇంకెక్కడ దొరికినా అటే పోతుంది. క్యాపు పైభాగం తడిసి ఉంటే ఆ తడి మీదుగా పాకి ఇంజను బాడీకి దిగిపోతుంది. వైరు రబ్బరు పగిలి ఉంటే ఆ పగులు లోంచి. ప్లగ్గు టోపీ లోపల నీళ్లు చేరితే ప్లగ్గు తెల్ల పింగాణీ మీదుగా. ప్లగ్గు మొన దగ్గర మాత్రం ఏమీ ఉండదు.

ఇక్కడ మన సీమకి ప్రత్యేకమైన ఇబ్బంది ఒకటుంది. స్వచ్ఛమైన వాన నీటికి కరెంటును మోసే గుణం చాలా తక్కువ. దానికి ఉప్పు కలిస్తేనే బలం. మన నేలల్లో చౌడు ఎక్కువ, బోరు నీళ్లలో లవణాలు ఎక్కువ, ఎనిమిది తొమ్మిది నెలలు బానెట్ కింద పేరుకునేది ఆ మట్టి దుమ్మే. ఆయిల్ తడి మీద అతుక్కుని క్యాపు చుట్టూ పొరలా గట్టిపడి ఉంటుంది. పొడిగా ఉన్నంతకాలం దానివల్ల ఏమీ కాదు. వంకలో దిగగానే ఆ పొర తడిసి, ఉప్పు కరిగి, కరెంటుకు రహదారి అవుతుంది. అందుకే ఖరీదైన సామాన్లు కొనేముందు క్యాపునూ వైర్లనూ కాయిల్ మెడనూ మెత్తటి పొడిగుడ్డతో శుభ్రంగా తుడిస్తే చాలా బండ్లలో సగం జబ్బు అక్కడే తగ్గుతుంది.

ఇంకో సంగతి చాలామంది గమనించరు. తడిసిన ఇంజను స్లోలో బాగానే ఆడుతుంది. బండి కదిలించి యాక్సిలరేటర్ తొక్కగానే కొట్టుకుని ఆగిపోతుంది. పెట్రోలు రాలేదనుకుని కార్బురేటర్ విప్పేస్తారు. కారణం అది కాదు. యాక్సిలరేటర్ తొక్కినప్పుడు సిలిండర్లోకి గాలి ఎక్కువ చేరి ఒత్తిడి పెరుగుతుంది. ఒత్తిడి పెరిగితే ప్లగ్గు సందును దూకడానికి కావాల్సిన వోల్టేజీ కూడా పెరుగుతుంది. అప్పటిదాకా ప్లగ్గు దారే తేలికగా ఉండేది, ఇప్పుడు తడి దారి తేలికైంది. నీళ్లలో ఫోర్ వీల్ డ్రైవ్ లో-రేంజిలో వేసి, రెండో గేరులో, కాలు తేలిగ్గా పెట్టి, ఇంజను చుట్లు మాత్రం నిలకడగా ఉంచుకుంటూ పొమ్మని పాత డ్రైవర్లు చెప్పేది టైర్ల పట్టు కోసం మాత్రమే కాదు. సిలిండర్లో ఒత్తిడి తక్కువుంటే బలహీనమైన రవ్వ కూడా పని చేసుకుపోతుంది.

చీకట్లో ఒక పరీక్ష

కరెంటు ఎక్కడ లీకవుతోందో తెలుసుకోవడానికి మీటరు అక్కర్లేదు. రాత్రిపూట షెడ్డులో లైట్లన్నీ ఆర్పి, బానెట్ ఎత్తి, ఇంజను స్లోలో వదలండి. కళ్లు చీకటికి అలవాటు పడ్డాక, ఇస్త్రీ బట్టల మీద చల్లే స్ప్రే సీసాలో మామూలు బోరు నీళ్లు పోసి క్యాపు మీద, వైర్ల మీద, కాయిల్ మెడ దగ్గర సన్నటి తుంపరలా కొట్టండి. లీకు ఉన్నచోట నీలిరంగు గీత చటుక్కున మెరిసి మాయమవుతుంది, దాంతోపాటు టిక్కు టిక్కుమని చప్పుడు, ఇంజనులో తడబాటు. ఒక్కోసారి ఆ గీత వైరు మీదుగా పాకి మెటల్ క్లిప్పు దగ్గర ఆగుతుంది, ఒక్కోసారి రెండు పక్కపక్క వైర్ల మధ్యనే ఆడుతుంది. చూసినచోట సుద్దతో గుర్తు పెట్టుకోండి. చెయ్యి మాత్రం దూరంగా ఉంచాలి. తిరిగే ఫ్యాన్ దగ్గర తువ్వాలు, వదులు చొక్కా వద్దు. గుండెకు పేస్‌మేకర్ ఉన్నవాళ్లు ఈ పనికి దిగనే కూడదు.

తర్వాత ఇంజను ఆపి క్యాపు విప్పి లోపలివైపు వెలుగులో తిప్పి చూడండి. పలకల మధ్య, లేదా ఒక పలక నుంచి అంచుదాకా, వెంట్రుకంత సన్నగా కొమ్మలు వేస్తూ పోయిన నల్ల గీత కనబడితే క్యాపు పని అయిపోయినట్టే. లీకైన కరెంటు ఆ దారి పొడవునా ప్లాస్టిక్కును మాడ్చి బొగ్గు చేసింది. బొగ్గు కరెంటును మోస్తుంది. ఇక ఎండబెట్టినా, తుడిచినా ఆ దారి పోదు. గరుకు కాగితంతో గీకి కొన్నాళ్లు నడిపేవాళ్లున్నారు, నేనైతే ఒప్పుకోను. నీళ్ల మధ్యలో నిలబడ్డాక ఆ ఆదా చాలా ఖరీదవుతుంది. కొత్తది కొనేటప్పుడు లోపలి పలకలు అల్యూమినియంవి కాకుండా ఇత్తడివి ఉన్నవి దొరికితే అవే తీసుకోండి, తుప్పుకు బాగా ఆగుతాయి.

మూత బిగిస్తే చాలదు

ఇప్పుడు అసలు విషయం. తడవకూడదంటే మూసేయాలి, అందరికీ మొదట తట్టే ఆలోచన ఇదే. క్యాపు చుట్టూ ఎంసీల్ పెట్టేస్తారు, సైకిల్ ట్యూబు చుట్టేస్తారు, డిస్ట్రిబ్యూటర్ అడుగున ఉన్న చిన్న రంధ్రాన్ని కూడా వెతికి మరీ పూడ్చేస్తారు. బండి ఒకటి రెండుసార్లు బాగానే దాటుతుంది. తర్వాత ఒకరోజు, పైన చుక్క తడి కూడా లేకుండానే, లోపల నీళ్లు చేరి ఆగిపోతుంది. నీళ్లు ఎలా వచ్చాయో ఎవరికీ అర్థం కాదు.

ఎలా వచ్చాయంటే, డిస్ట్రిబ్యూటరే వాటిని పీల్చుకుంది. ఎండలో పది మైళ్లు పరుగెత్తి వచ్చిన జీపు బానెట్ కింద, డిస్ట్రిబ్యూటర్ లోపలి గాలి 80 డిగ్రీల వేడి మీద ఉందనుకుందాం. నీళ్లలో దిగగానే అది 30కి పడిపోతుంది. మూసిన డబ్బాలో గాలి అంత చల్లబడితే ఒత్తిడి సుమారు 14 శాతం తగ్గుతుంది. వేడి సాంబారు పోసి మూత బిగించిన స్టీలు క్యారియరు చల్లారాక తెరుచుకోకుండా మొరాయించేది ఈ కారణంగానే. ఆ 14 శాతాన్ని నీటి లెక్కలో చెప్పాలంటే దాదాపు మీటరున్నర ఎత్తు నీళ్ల ఒత్తిడి. డిస్ట్రిబ్యూటర్ రెండడుగుల లోతులో మునిగితే బయటి నీళ్లు దాన్ని నెట్టే బలం 6 శాతమే. అంటే లోతు వల్ల వచ్చే నెట్టుడు కంటే, చల్లబడటం వల్ల పుట్టే పీల్పు రెట్టింపు పైన. షాఫ్టు బుష్ పక్కన, క్యాపు అంచున, ఇంజను పీల్పును బట్టి రవ్వ పడే వేళను మార్చే వ్యాక్యూమ్ డబ్బా కడ్డీ లోపలికి పోయే చోట, ఎక్కడ వెంట్రుకంత సందున్నా అక్కడినుంచి నీళ్లు లోపలికి పోతాయి. పోయిన నీళ్లకు బయటికి దారి లేదు, ఎందుకంటే అడుగు రంధ్రాన్ని మనమే మూసేశాం.

పూర్తిగా మూసేస్తే ఇంకో చెడుపు కూడా ఉంది. రోటర్ కొస నుంచి పలకకు రవ్వ దూకిన ప్రతిసారీ గాలిలోని ఆక్సిజన్ ఓజోన్‌గా మారుతుంది, నైట్రోజన్ ఆక్సైడ్లు కూడా పుడతాయి. తేమ ఉంటే ఆ ఆక్సైడ్లు నైట్రిక్ ఆమ్లం అవుతాయి. గాలి ఆడే డబ్బాలోనైతే అవి బయటికి పోతాయి. ఊపిరాడని డబ్బాలో పలకలను, పాయింట్లను, స్ప్రింగునూ తినేస్తాయి. ఇత్తడి మీద పచ్చగా, ఇనుము మీద ఎర్రగా పొడి పట్టి ఉంటే బయటి నీళ్లు తగిలాయనుకోకండి, లోపల పుట్టిన ఆమ్లం కూడా అదే పని చేస్తుంది. పైగా షాఫ్టు పక్కనుంచి ఇంజను లోపలి ఆవిరి మెల్లగా ఎక్కుతూనే ఉంటుంది, మూసిన డబ్బాలో అది నిలవ ఉండిపోతుంది.

కాబట్టి చేయాల్సింది కిందివైపు మూయడం, పైకి ఊపిరి ఇవ్వడం. ఈ లెక్క కొత్తదేమీ కాదు. 1950ల మొదట్లో అమెరికా సైన్యం కోసం విల్లీస్ తయారుచేసిన ఎం-38 జీపులో 24 వోల్టుల ఇగ్నిషన్‌ను మొత్తం నీళ్లు చొరకుండా కట్టారు. కాయిల్‌ను కూడా డిస్ట్రిబ్యూటర్ డబ్బా లోపలే పెట్టేశారు. ప్లగ్గు వైర్లకు లోహపు అల్లిక తొడిగి, రెండు చివర్లా మరతో బిగించారు. అంత కట్టుదిట్టం చేసినవాళ్లు డిస్ట్రిబ్యూటర్‌ను మాత్రం ఊపిరి లేకుండా వదల్లేదు, గాలిగొట్టం తీసుకెళ్లి ఎత్తున ఉన్న ఎయిర్ క్లీనర్‌ వైపు కలిపారు. ఆ తర్వాతి కాలపు సైనిక బండ్లలో కూడా ఈ పద్ధతే కనిపిస్తుంది.

మన షెడ్డులో దీన్ని చేసుకోవడం పెద్ద కష్టం కాదు. డిస్ట్రిబ్యూటర్ లోహపు బాడీకి, పాయింట్ల ప్లేటు కదలికకు అడ్డం రాని చోట, చిన్న రంధ్రం వేసి ఇత్తడి నిప్పిల్ బిగించాలి. క్యాపుకు మాత్రం ఎప్పుడూ రంధ్రం వేయకండి. అది పెళుసు, పైగా అటువైపు అంతా వేల వోల్టులు. నిప్పిల్‌కు ఆరు మిల్లీమీటర్ల రబ్బరు గొట్టం తొడిగి, బానెట్ కింద అన్నిటికన్నా ఎత్తుకు, ఇంజను గాలి పీల్చే గొట్టాన్ని పైకి తీసిన బండైతే దాని ఎత్తుకు, తీసుకెళ్లాలి. కొస కిందికి వంచి చిన్న ఫిల్టర్ పెడితే దుమ్ము చేరదు. ఒక గొట్టం ఉంటే ఒత్తిడి సమానమవుతుంది, నీళ్లు పీల్చడం ఆగుతుంది. ఓజోన్ బయటికి పోవాలంటే మాత్రం గాలి ఒకవైపు వచ్చి మరోవైపు పోవాలి, అంటే రెండో నిప్పిల్ కావాలి. దాన్ని ఎయిర్ క్లీనర్ దాటాక కార్బురేటర్ ముందుండే గొట్టానికి కలిపితే, ఇంజను పీల్చే గాలి డిస్ట్రిబ్యూటర్‌ను కొద్దికొద్దిగా కడుగుతూ ఉంటుంది. కార్బురేటర్ కిందివైపు మ్యానిఫోల్డుకు నేరుగా కలిపితే అక్కడి బలమైన పీల్పు వల్ల స్లో చెడిపోతుంది. ఏడాదికోసారి వంక దాటేవాళ్లకు ఒక గొట్టం చాలు. వానాకాలమంతా నీళ్లలో తిరిగేవాళ్లు రెండూ పెట్టుకోండి.

గొట్టం పెట్టాకే అడుగు రంధ్రం సంగతి. దానికి చిన్న మర బిగించి, నీళ్లలో దిగేముందు ముయ్యాలి, దాటాక విప్పి వదిలేయాలి. క్లచ్ హౌసింగుకు పాత సైనిక బండ్లలో ఇలాంటి మరే ఉంటుంది, తెలిసినవాళ్లు దాన్నీ ఇలాగే వాడతారు.

సీలు, గ్రీజు, వైర్లు

క్యాపు కూర్చునే అంచుకి నియోప్రీన్ గాస్కెట్ కత్తిరించి వేస్తే చక్కగా పనిచేస్తుంది, ఎప్పుడంటే అప్పుడు విప్పుకోవచ్చు. సిలికాన్ సీలెంట్ వాడాలనుకుంటే వాసన చూడండి. వెనిగర్ వాసన వచ్చే రకం ఆరేటప్పుడు ఎసిటిక్ ఆమ్లం వదులుతుంది, మూసిన డబ్బాలో అది ఇత్తడినీ రాగినీ పాడుచేస్తుంది. ఆ వాసన లేని న్యూట్రల్ రకం అడిగి తీసుకోండి. ఎంసీల్ మాత్రం వద్దు. క్యాపు అప్పుడప్పుడూ విప్పి చూసుకోవాల్సిన వస్తువు, దారిలో విప్పలేని సీలు ఉన్నా దండగే.

ప్లగ్గు టోపీలు, క్యాపు మీది వైరు టోపీలు, కాయిల్ మెడ టోపీ, వీటి లోపలి అంచుకు సిలికాన్ గ్రీజు పలచగా రాయాలి. మామూలు చక్రాల గ్రీజు రాస్తే మామూలు రబ్బరు ఉబ్బి వదులైపోతుంది. సిలికాన్ గ్రీజు కరెంటును మోయదు, కాబట్టి రోటర్ కొసకూ బొగ్గు ముక్కకూ అంటకుండా చూసుకోవాలి. టోపీ నెట్టినప్పుడు లోపల చిక్కుకున్న గాలి దాన్ని మళ్లీ పైకి తోసేస్తుంది. సన్నటి నైలాన్ టై ముక్కను పక్కన దూర్చి, టోపీ పూర్తిగా కూర్చున్నాక లాగేస్తే గాలి బయటికి పోయి టోపీ గట్టిగా పట్టుకుంటుంది. చిన్న పనే, కానీ నీళ్లలో తేడా తెలుస్తుంది.

వైర్లకు సిలికాన్ తొడుగు ఉన్నవి మంచివి. పాయింట్ల ఇగ్నిషన్ ఉన్న పాత ఇంజనుకు రాగి తీగ వైర్లు నిక్షేపంగా సరిపోతాయి. వైర్లన్నిటినీ కట్టగా కట్టి అందంగా పెట్టే అలవాటు మానుకోవాలి. విల్లీస్ రకం జీపులో రవ్వ వరస 1-3-4-2. మూడో సిలిండర్ పేలినప్పుడు నాలుగోది గాలిని అణచడం మొదలుపెడుతుంది. ఆ రెండు వైర్లూ అంటుకుని, తడిసి ఉంటే మూడుకు పోవాల్సిన రవ్వలో కొంత నాలుగుకు పోయి వేళ కాని వేళ అంటుకుంటుంది. కాస్త ఎడం ఉంచి ప్లాస్టిక్ హోల్డర్లలో కూర్చోబెట్టండి. కాయిల్ ఇంజను పక్కన కింద ఉంటే విప్పి ఫైర్‌వాల్ (ఇంజనుకూ డ్రైవరుకూ మధ్య ఉండే రేకు గోడ) మీద ఎత్తున బిగించండి, ఒక అరగంట పని.

ఇక డబ్బాల్లో దొరికే నీళ్లను తరిమే స్ప్రేలు. డబ్ల్యూడీ-40 పుట్టింది 1953లో, ఆ పేరుకు అర్థమే నీటిని తొలగించడం కోసం చేసిన నలభయ్యో ప్రయోగం అని. తడిసి ఆగిన బండిని మళ్లీ లేపడానికి అది బాగా పనికొస్తుంది. ముందుగా కొట్టుకుని ధైర్యంగా దిగడానికి మాత్రం కాదు, ఆ పొర నీళ్లలో ఎక్కువసేపు నిలవదు. క్యాపు లోపల కొట్టాక ఆవిరంతా పోయేదాకా ఆగి మూయాలి, లేకపోతే లోపలి రవ్వకే అంటుకుంటుంది. పెట్రోలు గుడ్డతో క్యాపు లోపల తుడిచే అలవాటుకి కూడా ఇదే ప్రమాదం. మూసిన క్యాపులో పెట్రోలు ఆవిరికి రవ్వ తగిలితే క్యాపు చిట్లి ఎగిరిపోతుంది.

పాయింట్లు తీసేసి ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ పెట్టుకుంటే తడి బాధ పోతుందా అని చాలామంది అడుగుతారు. పాయింట్ల మీద తడి పట్టడం, ఆయిల్ పొర పట్టడం పోతుంది. క్యాపు, రోటర్, వైర్లు అలాగే ఉంటాయి కదా, పెద్ద లీకులన్నీ అక్కడే. నా దృష్టిలో నీళ్ల కోసమైతే ఆ డబ్బు గొట్టాల మీదా వైర్ల మీదా పెట్టడం మేలు.

నీళ్లు చల్లేది మన ఫ్యానే

జీపు ఆగిన చోట నీటిమట్టం చాలాసార్లు డిస్ట్రిబ్యూటర్‌కు జానెడు కిందే ఉంటుంది. మరి తడిపిందెవరు? బెల్టుతో తిరిగే ఫ్యాన్. రెక్కల కొసలు నీళ్లకు తగలగానే ఇంజను మొత్తం మీదకి బురదనీళ్లు విరజిమ్ముతుంది. ఇంకా లోతైతే నీళ్ల అడ్డుకి రెక్కలు ముందుకు వంగి రేడియేటర్‌ను కోసేసే ప్రమాదం కూడా ఉంది. కొద్దిసేపటి దాటుకి ఫ్యాన్ బెల్టు వదులు చేసి దిగడం పాత ఉపాయం. బెల్టు ఆగితే వాటర్ పంపూ డైనమో కూడా ఆగుతాయి కాబట్టి అవతలి గట్టెక్కిన వెంటనే బిగించాలి. దానికంటే నాకు నచ్చేది టార్పాలిన్ పట్ట. గ్రిల్లు ముందు అడ్డంగా కట్టి, నడిచే వేగంతో ఆగకుండా పోతే బండి ముందు నీళ్లు అలలా లేచి, వెనకాల బానెట్ కింద మట్టం తగ్గుతుంది. నడుమ ఆగితే ఆ అల కూలి నీళ్లు లోపలికి వచ్చేస్తాయి. అందుకే దిగేముందు కర్రతో నడిచి అడుగు చూసుకోవాలి, ఇసుక ఎక్కడ గుల్లగా ఉందో తెలుసుకోవాలి. గట్టు మీద పది పదిహేను నిమిషాలు ఇంజనును చల్లారనివ్వడం కూడా మంచిది. డిస్ట్రిబ్యూటర్ మాదిరే వేడెక్కిన యాక్సిల్, గేరు బాక్సు కూడా చల్లనీళ్లు తగలగానే సీళ్ల పక్కనుంచి నీళ్లు పీల్చుకుంటాయి. వాటి బ్రీదర్లకు (ఊపిరి రంధ్రాలకు) కూడా గొట్టాలు తొడిగి పైకి తీసుకోవాలి.

ఇగ్నిషన్ గట్టిపడ్డాక ఒక కొత్త ప్రమాదం మొదలవుతుంది, దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. ఇంతకాలం నీళ్లు కార్బురేటర్ దాకా రాకముందే తడిసిన క్యాపు ఇంజనును ఆపేసేది. అది ఇంజనుకు అనుకోని కాపలా. ఇప్పుడు ఆ కాపలా లేదు, మునిగినా ఇంజను తిరుగుతూనే ఉంటుంది, తిరుగుతూ నీళ్లు తాగేస్తుంది. 2.2 లీటర్ల నాలుగు సిలిండర్ల ఇంజనులో, అణిచే నిష్పత్తి 7కు 1 దగ్గర ఉంటే, పిస్టన్ పైకి వచ్చినప్పుడు మిగిలే చోటు సుమారు 90 మిల్లీలీటర్లు. అంతకంటే ఎక్కువ నీళ్లు చేరితే నీళ్లు అణగవు, కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. నిష్పత్తి 20 దాటే డీజిల్లో ఆ చోటు 30 మిల్లీలీటర్లే, అందుకే నీళ్లు తాగిన డీజిల్ జీపులకు రాడ్లు అంత తొందరగా పోతాయి. కాబట్టి డిస్ట్రిబ్యూటర్‌కు గొట్టం పెట్టినవాళ్లు ఇంజను గాలి పీల్చే నోటిని కూడా అంత ఎత్తుకు తీసుకెళ్లాలి. ఆ పని చేయకుండా లోతు నీళ్లలో దిగకండి.

నీళ్లలో ఆగిపోతే వెంటనే సెల్ఫ్ కొట్టకండి. బండిని గట్టుకు లాగించి, ఎయిర్ క్లీనర్ విప్పి చూడండి. అది తడిగా ఉంటే నాలుగు ప్లగ్గులూ విప్పి, కాయిల్ నడిమి వైరు తీసి బాడీకి ఆనించి, అప్పుడు తిప్పాలి. లోపలి నీళ్లు ప్లగ్గు రంధ్రాల్లోంచి చిమ్ముతాయి. ఆ తర్వాత డిప్‌స్టిక్ తీస్తే ఆయిల్ పాలలా తెల్లగా ఉంటే మార్చేదాకా స్టార్టు చేయకూడదు.

ఏమీ కాకుండా దాటి వచ్చినా, మర్నాడు పొద్దున క్యాపు విప్పి చూడటం అలవాటు చేసుకోండి. అడుగు ప్లేటు మీద చుక్కలు నిలిచి ఉంటే నీళ్లు షాఫ్టు పక్కనుంచో వ్యాక్యూమ్ కడ్డీ పక్కనుంచో ఎక్కాయి, అక్కడి సీలు మార్చాలి. క్యాపు అంచు పొడవునా బురద గీత ఉంటే గాస్కెట్ సరిగ్గా కూర్చోలేదు. బురద ఏమీ లేకుండా క్యాపు లోపలంతా సన్నటి ఆవిరి మాత్రం పట్టి ఉంటే సీళ్లన్నీ బాగానే ఉన్నాయి, గొట్టమే ఎక్కడో బానెట్ కింద నలిగింది. దాన్ని సరిచేసి, క్యాపు తుడిచి బిగిస్తే చాలు.